నెల్లూరు ఎండల్లో కంప్యూటర్ మోత తగ్గాలంటే: ముందు గాలి దారి, ఆ తర్వాతే కొత్త ఫ్యాన్లు

రోహిణి కార్తె వచ్చేసరికి నెల్లూరు, ఒంగోలు ఇళ్లలో ఏసీ లేని గది మధ్యాహ్నం 36, 38 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలాంటి గదిలో ఎంత ఖరీదైన ఫ్యాను పెట్టినా కంప్యూటర్ లోపలి భాగాలు 38కి దిగువకు రావు. ఫ్యాను చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడి గాలిని బయటికి తోసి, గదిలోని గాలిని లోపలికి తెస్తుంది. అందుకే ప్రాసెసర్ ఉష్ణోగ్రతను ఎప్పుడూ గది కంటే ఎంత ఎక్కువుందో చూసి బేరీజు వేయాలి. జనవరిలో 26 డిగ్రీల గదిలో 68 చూపించిన ప్రాసెసర్, మే నెలలో 38 డిగ్రీల గదిలో అదే పనికి 80 దగ్గర చూపిస్తుంది. అందులో కంగారు పడాల్సింది లేదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 రకాలు 95 దగ్గర తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. బరువైన పనిలో 80, 85 ఉంటే భయం లేదు. ఆ అంకెను ఎలాగైనా 68కి దించాలని ఫ్యాన్లను పూర్తి వేగంతో తిప్పడం వల్లే సగం ఇళ్లలో మోత మొదలవుతుంది.

కొనేముందు ఒక పరీక్ష

క్యాబినెట్ మూసి ఉంచి, ఎప్పుడూ ఆడే గేమో వీడియో ఎడిటింగో 15 నిమిషాలు నడపండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతలు రాసుకోండి. తర్వాత పక్క తలుపు తీసేసి, అదే పని మళ్లీ 15 నిమిషాలు చేయించండి. అయిదు డిగ్రీలు, అంతకు మించి తగ్గితే క్యాబినెట్‌లోకి గాలి సరిగా రావడం లేదు. ఒకటి రెండు డిగ్రీలే తగ్గితే గాలి దారి బాగానే ఉంది. అయినా వేడి ఎక్కువగా ఉంటే, హీట్‌సింక్‌లో (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మెలో) దుమ్మో, ఆ రెంటి మధ్య పూసే థర్మల్ పేస్టు ఎండిపోవడమో, సరిగా బిగించని కూలరో కారణం. అప్పుడు క్యాబినెట్ ఫ్యాన్లు ఎన్ని కొన్నా ఉపయోగం ఉండదు.

గాలి రాకపోవడానికి మన ఇళ్లలో మొదటి కారణం కంప్యూటర్ టేబులే. సీపీయూ పెట్టుకోమని ఇచ్చిన అరలో మూడు వైపులా చెక్క, వెనక గోడ. బయటికొచ్చిన వేడి గాలి చుట్టు తిరిగి ముందు నుంచి మళ్లీ లోపలికే పోతుంది. క్యాబినెట్‌ను ఆ అరలోంచి తీసి పక్కన పెట్టండి, వెనక గోడకు కనీసం 15 సెంటీమీటర్లు వదలండి. నేల మీద కాకుండా చిన్న స్టూలు మీద పెడితే ఊడ్చినప్పుడు లేచే దుమ్ము కూడా తగ్గుతుంది. రెండో కారణం ముందు భాగం మొత్తం గాజుతో మూసేసిన క్యాబినెట్. చూడ్డానికి అందంగా ఉంటుంది గాని, ఫ్యాన్లు పక్క సందుల్లోంచి గాలి లాగలేక అరుస్తాయి. కొత్తది కొనేటప్పుడు ముందు జాలీ ఉన్నదే అడగండి. మోత విషయంలో ఏ ఫ్యాను కంటే కూడా ఇదే పెద్ద నిర్ణయం.

గాలి ఎటు నుంచి ఎటు

ముందు నుంచి లోపలికి, వెనక నుంచి బయటికి. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో చాలావాటికి ముందు 140 మిల్లీమీటర్లవి రెండు లేదా 120వి మూడు, వెనక 120ది ఒకటి చాలు. పైన పెట్టాలనుకుంటే వెనక మూలకు దగ్గరున్న చోట మాత్రమే, బయటికి తోసేలా పెట్టండి. పైన ముందు మూలలో పెట్టిన ఫ్యాను, అప్పుడే లోపలికొచ్చిన చల్లగాలిని ప్రాసెసర్ దాకా పోనీకుండా పైకి లాగేస్తుంది.

ఫ్యాను ఎటు ఊదుతుందో చూడటం తేలిక. ప్లాస్టిక్ కమ్మీలు అడ్డంగా ఉన్న వైపు నుంచి గాలి బయటికొస్తుంది, రెక్కలు తెరుచుకుని కనిపించే వైపు నుంచి లోపలికి పోతుంది. బిగించాక అగరబత్తి వెలిగించి క్యాబినెట్ బయట, ముందు జాలీ దగ్గర పట్టుకోండి. పొగ లోపలికి పోవాలి. వెనక, అదనపు కార్డులు పెట్టే ఖాళీ స్లాట్ల దగ్గర పట్టుకుంటే పొగ బయటికి పోవాలి, లేదా కదలకుండా ఉండాలి. అక్కడ లోపలికి పోతుంటే బయటికి తోసేది ఎక్కువ, తెచ్చేది తక్కువ. అలాంటప్పుడు ఫిల్టరు లేని ప్రతి సందులోంచి దుమ్ము దూరుతుంది. చీమకుర్తి గ్రానైట్ పొడి, మార్కాపురం పలకల పొడి గాలిలో ఉండే ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుతేమ దుమ్ముతో కలిసి హీట్‌సింక్ రేకులకు గట్టిగా అంటుకుంటుంది, ఊదితే పోదు.

ఒక చిక్కుంది. ఫిల్టరు దుమ్ముతో మూసుకుపోతే, ముందు మూడు ఫ్యాన్లున్నా లోపలికొచ్చే గాలి పడిపోయి పరిస్థితి తలకిందులవుతుంది. అందుకే ఎండాకాలంలో రెండు వారాలకొకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో నెలకొకసారి ఫిల్టరు తీసి కుళాయి కింద కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. వెనక ఊడిపోయిన స్లాటు రేకులుంటే మూసేయండి. లేకపోతే వెనక ఫ్యాను ముందు నుంచి రావాల్సిన గాలిని వదిలేసి, పక్కనున్న ఆ రంధ్రంలోంచే లాక్కుంటుంది.

ఏ ఫ్యాను కొనాలి

పెద్దది కొని మెల్లగా తిప్పడమే మూలసూత్రం. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, మోత మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. అలాంటిదే రెండోది పక్కన చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే 1,400 ఆర్‌పీఎంతో (నిమిషానికి 1,400 చుట్లు) తిరిగే ఒక్క ఫ్యాను ఇచ్చే గాలిని, 700తో తిరిగే రెండు ఫ్యాన్లు దాదాపు 12 డెసిబెల్స్ తక్కువ మోతతో ఇస్తాయి. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి మోత సగమైనట్టు అనిపిస్తుంది.

రంగు లైట్లతో క్యాబినెట్‌కు ఉచితంగా వచ్చే ఫ్యాన్లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి వచ్చే పెద్ద నాలుగు రంధ్రాల మోలెక్స్ ప్లగ్గే ఉంటుంది. వాటికి 12 వోల్టులు నేరుగా అందుతాయి, పగలూ రాత్రీ పూర్తి వేగమే, తగ్గించే దారి లేదు. డబ్బులు పెట్టాల్సింది మొదట ఇక్కడే: వాటిని తీసేసి, మదర్‌బోర్డుకు తగిలించే 4 పిన్నుల పీడబ్ల్యూఎం (మదర్‌బోర్డు పంపే సంకేతాన్ని బట్టి వేగం మారే) ఫ్యాన్లు వేయండి. తక్కువ ధరలో ఆర్కిటిక్ పీ12, ఖర్చుకు వెనకాడని వాళ్లకు నోక్టువా ఎన్ఎఫ్-ఏ12ఎక్స్25 మంచివి. ఫిల్టరు, జాలీ వెనక బిగించే ఫ్యానుకు సీఎఫ్‌ఎం (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి తోస్తుందో చెప్పే) అంకె ఒక్కటే చూడొద్దు. స్టాటిక్ ప్రెషర్ (అడ్డున్నా గాలిని నెట్టగల ఒత్తిడి) 2 మిల్లీమీటర్ల నీటికి అటూ ఇటూ ఉండాలి. బేరింగ్ ఫ్లూయిడ్ డైనమిక్ రకం అడగండి. మామూలు స్లీవ్ బేరింగ్‌లో నూనె వేడికి త్వరగా ఎండుతుంది, క్యాబినెట్ పైకప్పులో పడుకోబెట్టి బిగిస్తే ఇంకా ముందే గరగర మొదలవుతుంది.

మదర్‌బోర్డు మీద ఫ్యాను తగిలించే హెడర్ మామూలుగా 1 ఆంపియర్ దాకా ఇస్తుంది. ఫ్యాను మీద రాసిన ఆంపియర్లు కూడి, ఆ లోపల ఉంటేనే స్ప్లిట్టర్‌తో (ఒక హెడర్‌ను చీల్చే తీగ) రెండో మూడో కలపండి.

వేగం సర్దడం

బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఫ్యాన్ కంట్రోల్ తెరిచి ముందు మోడ్ చూడండి. 3 పిన్నులదైతే డీసీ (వోల్టేజీ మార్చి వేగం మార్చేది), 4 పిన్నులదైతే పీడబ్ల్యూఎం. 3 పిన్నుల ఫ్యానును పీడబ్ల్యూఎంలో ఉంచితే ఎప్పుడూ పూర్తి వేగంతోనే తిరుగుతుంది, చాలామంది ఫ్యానునే తిట్టుకుంటారు. తర్వాత క్యాబినెట్ ఫ్యాన్లకు ఇలా మొదలుపెట్టండి: ప్రాసెసర్ 60 డిగ్రీల దాకా ఫ్యాను వేగం 40 శాతం, 75 దగ్గర 55, 85 దగ్గర 75, 92 దాటితే 100. ఇలా ఉష్ణోగ్రతకు వేగాన్ని కలిపే గీతను ఫ్యాన్ కర్వ్ అంటారు. డిసెంబరులో సర్దిన గీత మే నెలలో పనికిరాదు. ఊరికే ఉన్నప్పుడే ప్రాసెసర్ 50 దాటుతుంది కాబట్టి, గీతలో 60 దగ్గరి మొదటి మెట్టును పది డిగ్రీలు కుడికి జరపాలి; పైన 85, 92 దగ్గరి మెట్లు అలాగే ఉంచాలి.

బ్రౌజర్ తెరిచిన ప్రతిసారీ ఫ్యాను ఊళపెట్టి ఊరుకుంటోందా? ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్క క్షణంలో 15 డిగ్రీలు ఎగరగలదు. స్టెప్ అప్ టైం అనే అమరికను 3 నుంచి 5 సెకన్లకు పెంచితే ఆ క్షణిక ఎగుడుదిగుళ్లకు ఫ్యాను స్పందించదు. ఏదైనా ఒక వేగం దగ్గర మాత్రమే హమ్మని మోగుతుంటే, ఆ వేగాన్ని దాటించేలా గీతను సర్దండి.

శుభ్రం చేసేటప్పుడు బ్లోయర్ పెట్టేముందు రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే మామూలు వేగాన్ని మించి తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు మిగిలే ఉంటుంది.

ఇంత చేసినా మోత ఉంటే, పక్క తలుపును అరచేత్తో నొక్కండి. ఆగితే అది రేకు అదురు: స్క్రూలు బిగించి, ఫ్యాన్ల మూలల్లో రబ్బరు ముక్కలు పెట్టండి. గేమ్ ఆడేటప్పుడు మాత్రమే సన్నగా కీచుమంటుంటే అది గ్రాఫిక్స్ కార్డులోని కాయిల్ శబ్దం. గేమ్ సెట్టింగుల్లో సెకనుకు చూపే ఫ్రేములను 60కి కట్టేస్తే తగ్గుతుంది, ఫ్యాను మార్చినా తగ్గదు.