సింగిల్ షాట్ రైఫిల్‌లో గుళ్ళు పైకి పాకుతున్నాయా? స్కోప్ మార్చే ముందు ఫోరెండ్ (బ్యారెల్ కింది చెక్క) విప్పి చూడండి

షార్ప్స్ 1874, వించెస్టర్ 1885 హైవాల్, రెమింగ్టన్ రోలింగ్ బ్లాక్ లాంటి, ఒకసారికి ఒకే తూటా పట్టే పాత సింగిల్ షాట్ వేట రైఫిళ్ళని ఇప్పుడు ఇటలీలో పెడెర్సోలి, ఉబెర్టి, జపాన్‌లో మిరోకు, మోంటానాలో షైలో వాళ్ళు మళ్ళీ కొత్తగా చేస్తున్నారు. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట కుదరదు కాబట్టి ఇది అమెరికాలో ఉండి లైసెన్సు తీసుకుని జింకల సీజన్‌కి వెళ్ళే మనవాళ్ళ కోసం రాస్తున్నా. లోడ్ చేయడం, చాంబర్ (తూటా కూర్చునే అర) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి వేలు పెట్టి కూడా చూసుకోవడం మీకు అలవాటే అనుకుని మొదలెడుతున్నా.

ఎక్కువమంది చెప్పే సమస్య ఒకటే. వంద గజాల్లో మొదటి రెండు గుళ్ళు పక్కపక్కనే పడతాయి, మూడోది కాస్త పైన, నాలుగోది ఇంకా పైన, బ్యారెల్ చల్లారాక మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. వెంటనే తూటాల బ్రాండ్ మారుస్తారు, తర్వాత స్కోప్ మారుస్తారు, ఆఖరికి బ్యారెలే పాడైందని నిర్ణయించేసి అమ్మకానికి పెడతారు. ఇంత చేసినవాళ్ళలో స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నవాళ్ళు చాలా తక్కువ, నాకు బాధ అక్కడే.

ముందు స్క్రూలు. బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) వెనక్కి కదలకుండా పట్టుకునే టాంగ్ స్క్రూ, సైట్ బేస్ స్క్రూలు, స్కోప్ ఉంటే దాని మౌంట్ స్క్రూలు, అన్నీ సరిపోయే బిట్‌తో ఒకసారి చూడండి. ఈ రైఫిళ్ళలో వాడే .45-70 అనే పెద్ద తూటా తన్నే తన్నుకి ఇవి వదులవుతాయి, కొత్త రైఫిల్ అయితే మరీను, ఎందుకంటే కొత్త చెక్క స్క్రూ కింద నొక్కుకుని కొంచెం దిగుతుంది. బట్‌ని ఒక చేత్తో, రిసీవర్‌ని (బ్యారెల్‌నీ ట్రిగ్గర్‌నీ పట్టి ఉంచే మధ్య ఇనప భాగం) ఇంకో చేత్తో పట్టుకుని మెలితిప్పినట్టు ఊపండి, కిర్రుమన్నా కదిలినా ఇంకేదీ ఆలోచించకుండా ముందు అది బిగించండి. దీనికి ఐదు నిమిషాలు పట్టదు.

అన్నీ బిగువుగానే ఉండి ఇంకా గుళ్ళు పైకి పోతుంటే, ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వద్దాం.

బోల్ట్ రైఫిల్‌కి చెక్క ఒకే ముక్క. ఈ సింగిల్ షాట్‌లకి రెండు ముక్కలు, వెనక బట్, ముందు బ్యారెల్ కింద ఫోరెండ్. షార్ప్స్‌లో ఫోరెండ్‌ని నేరుగా బ్యారెల్‌కే స్క్రూలతో బిగిస్తారు. ఇదే కుటుంబానికి చెందిన రూగర్ నంబర్ వన్‌లో (పాత ఫార్కార్సన్ రైఫిల్ స్ఫూర్తితో 1960లలో వచ్చింది) రిసీవర్ నుంచి ముందుకి ఒక ఇనప చెయ్యి ఉంటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు, ఫోరెండ్ స్క్రూ ఏటవాలుగా పోయి దాన్ని పట్టుకుంటుంది. పద్ధతి ఏదైనా జరిగేది ఒకటే, చెక్క బ్యారెల్‌ని ఎక్కడో ఒకచోట నొక్కుతుంది, ఆ నొక్కుడు ఎప్పుడూ ఒకేలా ఉండదు.

ఎందుకు ఉండదంటే మొదటిది వేడి. పది అంగుళాల ఉక్కు 50 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే సుమారు 0.15 మిల్లీమీటర్లు సాగుతుంది. కింద చెక్క అంత త్వరగా వేడెక్కదు, అంత సాగదు కూడా. రెండు స్క్రూలతో బ్యారెల్‌కి కట్టేసి ఉంటే పైన ఉక్కు సాగాలని చూస్తుంది, కింద చెక్క పట్టి ఆపుతుంది, ఆ లాగుడులో బ్యారెల్ వెంట్రుకవాసి వంగినా వంద గజాల దగ్గర అది అంగుళాల్లో కనిపిస్తుంది. రెండోది తేమ. వానాకాలంలో మన ఇళ్ళల్లో తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేస్తుంది చూశారా, ఫోరెండ్‌లోనూ జరిగేది అదే. చెక్క పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగా ఉబ్బుతుంది, అంటే బ్యారెల్ కూర్చునే గాడి గోడలు దగ్గరికొచ్చి పక్కల నుంచి పట్టేస్తాయి, ఎనిమిది పలకల బ్యారెల్ అయితే ఆ చదును పక్కలకి చెక్క అతుక్కున్నట్టే కూర్చుంటుంది. పైన వార్నిష్ మెరుస్తుంటుంది, విప్పి లోపల చూస్తే చాలాసార్లు పచ్చి చెక్కే ఉంటుంది, తేమంతా లోపల్నుంచే తాగుతుంది. ఎండాకాలంలో ఎండిన గాలిలో జీరో చేసుకున్న (గురి సరిచేసుకున్న) రైఫిల్ హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్ళో నెల్రోజులుంటే వేరే చోట కొట్టేది అందుకే.

పట్టుకోవడం ఎలా? ముందు ఒక గ్రూప్‌ని (ఒకే గురికి వరసగా కాల్చే కొన్ని గుళ్ళు) ప్రతి గుండు తర్వాతా బ్యారెల్ పూర్తిగా చల్లారేదాకా ఆగి కాల్చండి. అలా కాలిస్తే గుళ్ళు ఒకచోట పడి, వేగంగా కాలిస్తే పైకి పాకుతుంటే అనుమానం చాలావరకు నిజమే. తర్వాత ఖాళీ రైఫిల్‌ని గట్టిగా నిలబెట్టి, ఫోరెండ్ కొనా బ్యారెలూ కలిసే చోట వేలు పెట్టుకుని స్క్రూ నెమ్మదిగా వదులు చేసి మళ్ళీ బిగించండి, బ్యారెల్ కదిలినట్టు వేలికి తెలిస్తే అదే. సన్నటి కాగితం ముక్కని బ్యారెల్‌కీ చెక్కకీ మధ్య దూర్చి చూడండి, ఒక పక్క జారుతూ ఇంకో పక్క ఇరుక్కుంటే అక్కడే నొక్కుతున్నట్టు. అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష ఫోరెండ్ మొత్తం తీసేసి రిసీవర్ కింద ఇసక బ్యాగ్ పెట్టి ఒక గ్రూప్ కాల్చడం. చెయ్యి బ్యారెల్ మీద పెట్టకండి, కాలుతుంది. చెక్క లేకుండా గుళ్ళు దగ్గరికొస్తే ఇక స్కోప్‌ని, తూటాలని అనుమానించాల్సిన పని లేదు.

ఇప్పుడు బాగుచేయడం. బ్యారెల్‌కి కొద్దిగా మసి గానీ లిప్‌స్టిక్ గానీ పూసి ఫోరెండ్ బిగించి విప్పండి, రంగు అంటిన చోటే తాకుతోంది, గుండ్రటి కర్రకి ఉప్పుకాగితం చుట్టి ఆ చోట మాత్రమే రుద్దండి, మళ్ళీ పూయండి, మళ్ళీ చూడండి. మొత్తం ఒకేసారి చెక్కేయొద్దు, తీసిన చెక్క తిరిగి రాదు. ఫోరెండ్ వెనక చివర రిసీవర్‌కి ఆనుకుని ఉంటే అక్కడ ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉండాలి. రుద్దడం అయ్యాక గాడి లోపల, ముఖ్యంగా రెండు చివర్లా పాలీయురిథేన్ రెండు మూడు పూతలు వేసి బాగా ఆరనివ్వండి. ఒట్టి లిన్‌సీడ్ ఆయిల్ పూసి వదిలేస్తారు చాలామంది, అది తేమని పెద్దగా ఆపదు. స్క్రూని ఎప్పుడు బిగించినా ఒకే బిగువు, ఒకసారి వేళ్ళతో ఒకసారి ఒంట్లో బలమంతా పెట్టి బిగిస్తే చేసిన పనంతా వృథా.

ఒక్కోసారి ఫోరెండ్ స్క్రూ రవ్వంత పొడుగ్గా ఉంటుంది. అది చెక్కని పట్టకముందే రంధ్రం అడుగుకి తగిలి ఆగిపోతుంది, చేతికేమో గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, చెక్క మాత్రం లోలోపల వదులు. ఫోరెండ్ పట్టుకుని పక్కకి తట్టి చూడండి, టకటకమంటే స్క్రూ తీసి మొన కొద్దిగా అరగదీస్తే చాలు.

హ్యాంగర్ ఉన్న రైఫిల్‌కి దారి కొంచెం వేరు. హ్యాంగర్ కొసకీ బ్యారెల్‌కీ మధ్య పలచటి రబ్బరు ముక్క పెట్టి కాల్చి చూస్తే చాలాసార్లు గ్రూప్ దగ్గరవుతుంది. పనిచేస్తోందని తెలిశాక గన్‌స్మిత్ దగ్గర అక్కడో చిన్న సెట్ స్క్రూ వేయించుకుంటే ఆ నొక్కుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. డ్రిల్ మీరే పట్టుకోవద్దు, రూగర్‌లో హ్యామర్ స్ప్రింగు ఆ హ్యాంగర్ మీదే ఉంటుంది.

అన్నట్టు, బెంచ్ మీద బ్యాగ్‌ని ప్రతిసారీ ఫోరెండ్ కింద ఒకే చోట పెట్టండి, ఒక టేపు ముక్క గుర్తుగా అంటించుకోండి. బ్యారెల్‌నే బ్యాగ్ మీద ఆనిస్తే ఎంత మంచి రైఫిలైనా గుండు చోటు మారుస్తుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తా. గుళ్ళు పైకే కాకుండా నాలుగు వైపులా చెదిరిపోతూ, టార్గెట్‌లో రంధ్రాలు పక్కకి తిరిగినట్టు పడుతుంటే, మీరు కాల్చేది బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) అయితే అది మసి గట్టిపడటం. గుండు గుండుకీ మధ్య చాంబర్ వైపు నుంచి గొట్టంతో నోటి గాలి ఊది తేమ చేయండి, లేదా తడి గుడ్డముక్క ఒకటి తోయండి. కడగడానికి నీళ్ళు కలిసిన ద్రావణమే వాడండి, ఇప్పటి పొగలేని మందుకోసం చేసిన మామూలు స్మోక్‌లెస్ సాల్వెంట్‌కి ఆ మసి సరిగా కరగదు. షార్ప్స్‌లో చాంబర్‌ని మూసే ఇనప దిమ్మ (బ్లాక్) దిగడానికి మొరాయించేదీ ఈ మసి వల్లే.

పేలకపోతే రైఫిల్‌ని టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాకే తెరవండి. కొత్త రైఫిల్ అయితే ఫ్యాక్టరీలో పూసిన చిక్కటి గ్రీజు ఫైరింగ్ పిన్ దారిలో గడ్డకట్టి ఉంటుంది, అది కడిగేస్తే చాలావరకు పోతుంది.

కాల్చిన తూటా ఖాళీ తొడుగు చాంబర్‌లో బిగుసుకుపోతే ఆ రోజుకి ఆపేయండి. బలమైన ఆధునిక రైఫిళ్ళకే అని రాసి ఉన్న .45-70 తూటాలు షార్ప్స్ కాపీలో వేయకూడదు, ఈ కార్ట్రిడ్జ్‌కి మామూలు ఒత్తిడి హద్దు 28,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), మీ రైఫిల్ పుస్తకంలో ఏముందో అదే పాటించండి. చాంబర్ గరుగ్గా ఉండటం, బ్యారెల్ మూతి దెబ్బతినడం, హెడ్‌స్పేస్ (చాంబర్ మూశాక తూటా అడుగుకి మిగిలే సందు) తేడా లాంటివి అరుదు. పైవన్నీ చూశాక కూడా తేలకపోతే అప్పుడు గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్ళండి, ఫోరెండ్ విప్పి చూశానని ముందే చెబితే ఆయనకి సగం పని తగ్గుతుంది.