సిలువ బొమ్మలో యేసు ఎక్కడ? గుత్తూసో పెయింటింగ్‌ని చూడటం ఎలా

ఫోన్‌లో ఈ బొమ్మ తీసి మా అమ్మ చేతికిస్తే, కళ్ళజోడు సర్దుకుని కాసేపు అటూ ఇటూ జరిపి చూసి "ఇందులో యేసు ఎక్కడరా?" అంది. నాకు నవ్వొచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే ఈ బొమ్మ గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. మనకి అలవాటైన సిలువ బొమ్మలో, అంటే కేలెండర్ మీదో చర్చి గోడ మీదో ఉండేదాంట్లో, యేసు సరిగ్గా మధ్యలో ఉంటాడు, మనవైపే తిరిగి ఉంటాడు, చెరో పక్కన ఒక్కో దొంగ. వెతకాల్సిన పనే ఉండదు.

రెనాతో గుత్తూసో అనే ఇటలీ చిత్రకారుడు వేసిన ఆయిల్ పెయింటింగ్ ఇది. ఇటాలియన్‌లో పేరు 'క్రోచిఫిస్సియోనే', అంటే సిలువ వేయడం. ఇప్పుడు రోమ్‌లోని జాతీయ ఆధునిక కళా గ్యాలరీలో ఉంది. ఇలాంటి బొమ్మని, అసలు పెయింటింగుల జోలికే వెళ్ళనివాళ్ళు కూడా, ఎలా చూడొచ్చో ఒక వరుసలో చెప్తాను. ఓ గంట చాలు. ఒక కాగితం, పెన్సిల్, కొలత టేపు దగ్గర పెట్టుకోండి.

1. ముందు గోడ కొలవండి

బొమ్మ వెతికేలోపే ఈ పని చేసేయండి. అసలు పెయింటింగ్ 200 సెంటీమీటర్లు పొడవు, 200 వెడల్పు. అంటే ఆరడుగుల ఏడంగుళాలు, నలుచదరం. ఇంట్లో ఖాళీ గోడ ఉంటే నేల నుంచి అంత ఎత్తుకి, అంత వెడల్పుకి నాలుగు మూలలా చాక్‌పీసుతో చుక్కలు పెట్టి, రెండడుగుల దూరంలో నిలబడండి. మీ ఎత్తుకంటే ఎక్కువే ఉంటుంది. ఫోన్‌లో మూడంగుళాల్లో కనిపించే గుర్రం అక్కడ మీ మీదకి వచ్చేంత ఉంటుందన్నమాట. ఈ కొలత తలలో లేకుండా ఫోన్‌లో చూస్తే గజిబిజిగా రంగులు కలిపేసిన బొమ్మలా ఉంటుంది, అంతే. నేను మొదటిసారి అలాగే అనుకుని పక్కకి జరిపేశాను.

2. ఏమీ చదవకుండా పది నిమిషాలు చూడండి

పది నిమిషాలంటే చాలా ఎక్కువ అనిపిస్తుంది, తెలుసు. టైమర్ పెట్టుకోండి. స్క్రీన్ వెలుగు పూర్తిగా పెంచి, వీలైతే ల్యాప్‌టాప్‌లో చూడండి. ఆ గ్యాలరీ వాళ్ళ సొంత సైట్‌లో ఉన్న ఫోటోకీ ఎవరో పోస్ట్ చేసిన ఫోటోకీ రంగుల్లో తేడా ఉండొచ్చు, రెండు మూడు పోల్చుకోండి.

ఇప్పుడు పెన్సిల్ తీసుకుని కాగితం మీద సిలువలు మాత్రం గీయండి. మనుషులొద్దు, గుర్రాలొద్దు, ఉత్త కొయ్యలు. గీస్తుంటేనే తెలుస్తుంది ఈయన ఏం చేశాడో. మూడు సిలువల్నీ ఒక వరుసలో నిలబెట్టలేదు, ఒకదాని వెనక ఒకటి, మూలగా తిప్పి పెట్టాడు. దాంతో ఒక దొంగ సిలువ యేసు ముఖానికి అడ్డం వచ్చింది. మతపరమైన బొమ్మలో దేవుడి ముఖాన్నే కప్పేయడం! పొరపాటున జరిగేది కాదు ఇది, ఇంత పెద్ద కాన్వాసు మీద ఎవరూ అలా పొరబడరు. మా అమ్మకి యేసు కనపడకపోవడానికి కారణం కూడా ఇదే.

3. తర్వాత కిందికి చూడండి

మనవైపు, బొమ్మ అడుగున, ఒక బల్ల ఉంటుంది. దాని మీద మేకులు, పనిముట్లు, సీసా. మన కంటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నవి ఇవే. ఏదో వడ్రంగి పని మధ్యలో ఆపి వెళ్ళినట్టు పెట్టి ఉంటాయి సామాన్లు. యేసు ముఖం దాచేసి మేకులు ముందుకి తోశాడు. నన్నడిగితే ఈ బొమ్మ మొత్తం ఇక్కడే ఉంది. చనిపోతున్న మనిషి మీద జాలిపడటం కంటే, ఈ పని చేతులతో చేశారు, పనిముట్లతో చేశారు, చేసి పక్కన పెట్టారు అనేదే ముందు కనబడాలని ఆయన అనుకున్నట్టుంది.

4. బట్టలు ఎందుకు లేవు?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. గుర్రాల మీదున్నవాళ్ళకి బట్టల్లేవు, యేసుని పట్టుకుని ఏడుస్తున్న ఆయన శిష్యురాలు మగ్దలేనే మరియకీ లేవు. అప్పట్లో పెద్ద గొడవే అయింది దీని మీద. గుత్తూసో చెప్పుకున్న కారణం మాత్రం చాలా సూటిగా ఉంటుంది. గొడవ చేయాలని కాదట. రోమన్ సైనికుల వేషాలు వేస్తే అది పెయింటింగ్ కాదు, నాటకం అయిపోతుంది. అలాగని ఇప్పటి బట్టలు తొడిగితే షేక్‌స్పియర్ నాటకాన్ని సూటూ బూటూ వేసుకుని ఆడినట్టుంటుంది. ఏ కాలానికీ కట్టిపడేయకూడదంటే బట్టలు లేకుండా వేయక తప్పలేదని అన్నాడు. మీకు నచ్చకపోవచ్చు, అది వేరే సంగతి. కానీ కారణం తెలుసుకున్నాక ఇంకోసారి చూడండి. కత్తులు, డాళ్ళు, శిరస్త్రాణాలు ఉండి ఉంటే "అదెప్పుడో రెండువేల ఏళ్ళ కిందటి కథ" అని మనం హాయిగా తప్పించుకునేవాళ్ళం.

5. ఇప్పుడు తేదీ చదవండి

1940–41. ఈ అడుగుని ఇంత వెనక ఎందుకు పెట్టానంటే, తేదీ తెలిశాక కన్ను తేదీనే చూస్తుంది, బొమ్మని చూడదు.

అప్పుడు ఇటలీలో ఫాసిస్టు నియంత ముస్సోలినీ పాలన. ఇటలీ సైన్యం 1935–36లో అబిస్సీనియా మీద, అంటే ఇప్పటి ఇథియోపియా మీద, విషవాయువు వాడింది. 1936 నుంచి 1939 దాకా స్పెయిన్‌లో అంతర్యుద్ధం, అక్కడికీ ఇటలీ సైనికులు వెళ్ళారు. 1940 జూన్ 10న ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలో దిగింది. గుత్తూసో తన డైరీలో రాసుకున్నది కూడా ఇదే: ఇది యుద్ధకాలం, అబిస్సీనియా, విషవాయువు, ఉరికొయ్యలు, స్పెయిన్, అందుకే క్రీస్తు పడిన యాతనని ఈ రోజున జరుగుతున్న దృశ్యంలా వేయాలనుంది అని. ఆ ఏడాదే, 1940లో, రహస్యంగా పనిచేస్తున్న కమ్యూనిస్టు పార్టీలో చేరాడు కూడా.

బొమ్మలో గుర్రాలు చూసి మీకు, స్పెయిన్ యుద్ధంలో బాంబులు పడిన ఊరి మీద పికాసో వేసిన 'గెర్నికా' గుర్తొస్తే సరిగ్గానే గుర్తొచ్చింది. దాని ప్రింటు ఒకటి ఆయన పర్సులో పెట్టుకుని తిరిగేవాడు. అయితే ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక: పికాసో పోలికలు ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చుంటే గుత్తూసో పుట్టిన సిసిలీ దీవిని మర్చిపోతారు.

6. సిసిలీ రంగులు

గుత్తూసో పుట్టింది 1911 డిసెంబర్ 26న, పలెర్మో పక్కనున్న బగేరియాలో. వాళ్ళ నాన్న జొవక్కీనో భూమి కొలిచే సర్వేయరు, తీరిక దొరికితే నీటిరంగులతో బొమ్మలు వేసేవాడు. ఇంట్లో అది ఒకటైతే, బయట ఇంకోటి ఉంది: సిసిలీ గుర్రపు బళ్ళు. చక్రం ఆకుల నుంచి పక్క పలకల దాకా ఎర్రగా, పచ్చగా, నీలంగా రంగులు పులిమి, పలకల మీద వీరుల యుద్ధాలూ పురాణ కథలూ వేస్తారు. ఊళ్ళో అలాంటి బళ్ళకి రంగులు వేసేవాళ్ళ దగ్గర ఈ కుర్రాడు చేరేవాడు. పదమూడేళ్ళకే తన బొమ్మల మీద సంతకం పెట్టి తేదీ వేయడం మొదలెట్టాడట, చూడండి ఆ ధైర్యం.

అందుకే ఈ సిలువ బొమ్మలో శోకానికి వాడాల్సిన బూడిదరంగు చీకటి అంతగా ఉండదు. ఎరుపు ఎర్రగానే మండుతుంది, గుర్రం నీలం తిరిగి ఉంటుంది, వెనకాల ఊరు ఎండలో ఉన్నట్టే ఉంటుంది. కళ్ళు సగం మూసి, వివరాలు మసకబారేలా చూడండి ఒకసారి, రంగు ముద్దలు మాత్రమే మిగిలేలా. కళ్ళు ఎక్కడికి పరిగెడుతున్నాయో గమనించండి.

7. అప్పటివాళ్ళు ఏమన్నారు

1942లో ఇటలీలోని బెర్గామో బహుమతి పోటీకి పంపితే రెండో బహుమతి వచ్చింది. తమాషా ఏంటంటే ఆ పోటీ వెనకున్నది ఫాసిస్టు మంత్రి జుసెప్పె బొత్తాయ్. చర్చి వైపు నుంచి తీవ్రంగా విమర్శలొచ్చాయి, మతగురువులెవరూ ఈ బొమ్మ చూడటానికి వెళ్ళకూడదని చర్చి ఆంక్ష పెట్టింది. ఫాసిస్టుల్లో ఛాందసులకూ మింగుడుపడలేదు.

"కమ్యూనిస్టు కదా, మతాన్ని వెక్కిరించడానికి వేసుంటాడు" అని తేల్చేయడం చాలా తేలిక. నేను ఒప్పుకోను. వెక్కిరించాలనుకున్నవాడు మగ్దలేనే చేతుల్లో అంత దుఃఖం పెట్టడు.

8. మిగతా జీవితం, గబగబా

యుద్ధం తర్వాత ఆయన ఇటలీలో అందరికీ తెలిసిన చిత్రకారుడయ్యాడు. 1972లో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి అంత్యక్రియల్ని ఎర్రజెండాల మధ్య వేశాడు, 1974లో పలెర్మో బజారుని 'వుచ్చిరియా' పేరుతో మాంసం, చేపలు, కూరలు కుప్పలుగా పోసి వేశాడు. ఈ రెండోది చూస్తే మాత్రం ఆకలేస్తుంది, అన్నం తిన్నాక చూడండి. 1976లో సెనేటరయ్యాడు. 1987 జనవరి 18న రోమ్‌లో చనిపోయాడు.

ఒక్కటి మాత్రం వదలకండి. 1983లో ఉత్తర ఇటలీలోని వరేసె దగ్గర సాక్రో మోంతె అనే పుణ్యక్షేత్రంలో, మూడో గుడి దగ్గర గోడ మీద, పాడైపోయిన పాత చిత్రం ఉన్నచోట 'ఐగుప్తుకు పారిపోవడం' వేశాడు. ఒకప్పుడు ఎవరి బొమ్మని చూడొద్దని మతగురువులకి చెప్పారో ఆ మనిషి చేతనే! పసిబిడ్డతో మరియ, యోసేపు పారిపోయే కథ అది. రెండు బొమ్మలూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని, ఈసారి ముఖాలు ఎక్కడెక్కడున్నాయో చూడండి.

9. నిజంగా వెళ్ళి చూడాలంటే

గ్యాలరీ రోమ్‌లో విల్లా బోర్గేసె పార్కుని ఆనుకుని ఉంటుంది. బయల్దేరే ముందు ఈ పెయింటింగ్ గోడ మీద ఉందో లేదో కనుక్కోండి, పేరున్న బొమ్మల్ని వేరే ఊళ్ళలో ప్రదర్శనలకి పంపుతూ ఉంటారు. లోపల ముందు దూరం నుంచి ఒకసారి, తర్వాత సిబ్బంది కేకేయనంత దగ్గరగా వెళ్ళి ఒకసారి చూడండి, ఫోటో తీయడం చివర్లో పెట్టుకోండి. సిసిలీ వైపు వెళ్తే బగేరియాలో విల్లా కత్తోలికా అనే పాత భవంతిలో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది. ఆయన సమాధి కూడా ఆ ఆవరణలోనే, శిల్పి జాకొమో మన్‌జు చేసినది.

మా అమ్మ మాత్రం రెండోసారి ఫోన్ తీసుకుని బల్ల దగ్గర వేళ్ళతో పెద్దది చేసి చూసి, "ఈ మేకులు ఇంకా మిగిలాయేంట్రా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.