తుంటి సాకెట్ విరిగితే ప్లేటు, స్క్రూలు వేసేది ఎట్లా: ఆర్థోలో కొత్తగా చేరిన పీజీలకి

జూనియర్లు అసిటాబులం, అంటే తుంటి సాకెట్ గిన్నె, ఎక్స్‌రే చూడంగానే అడిగే మొదటి ప్రశ్న ఒకటే, అన్నా దీనికి ఎన్ని హోల్స్ ప్లేటు వేస్తారు అని. ఏడో ఎనిమిదో, అది తర్వాత చూసుకోవచ్చు. ముందు అడగాల్సింది ఏందంటే తొడ ఎముక బంతి ఎటు తోసుకుని పోయింది, రేపు పేషెంటు లేచి కూర్చుంటే మళ్ళీ ఎటు తోస్తాది అని. ఇది తెలిస్తే ప్లేటు యాడ పెట్టాలో సగం తెలిసిపోయినట్టే. మా చిత్తూరు పక్క మామిడి తోటల్లో కాయ బరువుకి కొమ్మ వాలితే పంగకర్ర పెడతారు కదా, కర్ర ఎంత లావుదైనా సరే కొమ్మ వాలే చోట కాకుండా ఇంకోపక్క పెడితే ఏం లాభం. ప్లేటు కూడా అంతే, అది దన్ను.

ఇంకోటి, ప్లేటు బరువు మోస్తాదని అనుకోవద్దు. ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒళ్ళు పక్కకి ఒరగకుండా పిరుదు పక్కన అబ్డక్టర్ కండరాలు గట్టిగా లాగుతాయి, ఆ లాగుడంతా కూడా కీలు మీదే పడతాది, అందుకే మామూలు నడకలోనే తుంటి మీద ఒంటి బరువుకి సుమారు రెండున్నర రెట్లు పడతాది, అంటే 60 కిలోల మనిషికి 150 కిలోలు, కాలు తట్టుకుని తూలితే ఏడెనిమిది రెట్ల దాకా కొలిచినోళ్ళు ఉన్నారు. మనం చేత్తో బెండర్లు పట్టుకుని వంచేసే 3.5 ఎంఎం రికాన్ ప్లేటు ఇంత మోస్తాదా? మొయ్యదు. మోసేది ఎముకే, ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా కూర్చుంటేనే మోస్తాది. ప్లేటు పని అవి జారకుండా చూసేది అంతే. అందుకే రిడక్షన్, అంటే విరిగిన ముక్కల్ని వాటి చోట కూర్చోబెట్టేది, కుదరకుండా ప్లేటు మీద ప్లేటు వేసేది దండగ. అమెరికా సర్జన్ జోయెల్ మాట్టా చెప్పిన లెక్క మన వార్డుల్లో అందరికీ నోటికి వస్తాది, ముక్కల నడుమ మిగిలిన మెట్టు (ఎత్తుపల్లం) 1 ఎంఎం లోపల ఉంటే బాగా కుదిరినట్టు, 2 నుంచి 3 అయితే అంతంతమాత్రం, 3 దాటితే బాగాలేనట్టు. మెట్టు మిగిలితే బరువు కొంచెం జాగా మీదే పడి ఆడ కార్టిలేజ్ (కీలు మీది నున్నటి పొర) అరిగిపోతాది.

రోడ్డు యాక్సిడెంట్ అయినోళ్ళని ముందు ఎముకలకి నాటు కట్టు కట్టే పుత్తూరుకి తీసుకుపోయే ఇళ్ళు మన పక్క ఇంకా ఉన్నాయి. ఎవురినీ తప్పు పట్టేదానికి చెప్పడం లేదు గానీ ముంజేయికి బద్ద పెట్టి కట్టు కడితే రెండు పక్కల నుంచీ పట్టు దొరుకుతాది, తుంటి గిన్నె ఒంటి లోపల అంత లోతులో ఉంటే బయట కట్టే ఏ కట్టూ దాన్ని పట్టుకోలేదు. మూడు వారాలు దాటినాక వస్తే సందులో కొత్త ఎముక పెరిగిపోయి ఉంటాది, రిడక్షన్ చానా కష్టం. బంతి జారి ఉంటే ఇంకా అర్జెంటు, గంటల్లోనే లోపలికి వేయాల.

సరే, ఇప్పుడు ప్లానింగ్. మూడు ఎక్స్‌రేలు తీయించాల, ఒకటి నేరుగా, రెండు 45 డిగ్రీలు వాల్చి తీసే జూడే వ్యూలు, దాంతో పాటు సీటీ. ఫ్రాన్స్ సర్జన్లు జూడే అన్నదమ్ములు, లెటూర్నెల్ కలిసి 1964లో రాసిన వర్గీకరణే ఈ రోజుకీ వాడతాం, అయిదు సింపుల్, అయిదు కలిసిన రకాలు, మొత్తం పది. దాని వెనక ఉండే బొమ్మ తలకిందులుగా పెట్టిన వై (Y) అక్షరం, ముందు కాలమ్ (ఎముక స్తంభం) ఒక కాలు, వెనక కాలమ్ ఇంకో కాలు, మధ్య సందులో గిన్నె. ఆ వైని ప్లాస్టిక్ పెల్విస్ (నడుం ఎముకల గూడు) మీద స్కెచ్ పెన్నుతో గీసుకోండి, ఒకసారి గీస్తే మర్చిపోరు.

ఎక్కువగా వచ్చేది పోస్టీరియర్ వాల్. కారు ముందు సీట్లో కూర్చున్నోడి మోకాలు డాష్‌బోర్డుకి కొట్టుకుంటే తొడ ఎముక వెనక్కి పోయి గిన్నె వెనక గోడని పగలగొడతాది. ఇదే గోడ మీద మళ్ళీ ఎప్పుడు వత్తిడి పడతాదంటే తుంటి బాగా వంచి, కింద నుంచి లేచేటప్పుడు. కాబట్టి దన్ను వెనక నుంచే, పిరుదు వెనక కోసి పోయే కోషర్ లాంగెన్‌బెక్ దారిలో పోతాం. పని చేసినంతసేపూ మోకాలు వంచి, తుంటి చాపి పెట్టండి, సయాటిక్ నరం (పిరుదు వెనక నుంచి కాలికి పోయేది) వదులుగా ఉంటాది. గోడ ముక్కకి అంటుకుని ఉన్న, కీలుని చుట్టి ఉండే క్యాప్సూల్‌ని పీకేయొద్దు, ముక్కకి రక్తం వచ్చేది దాని నుంచే. గిన్నె అంచులో కార్టిలేజ్ లోపలికి నొక్కుకుని పోయి ఉంటే బంతినే అచ్చుగా పెట్టుకుని దాన్ని పైకి లేపి, కింద గుంతలో గ్రేటర్ ట్రోకాంటర్ (తొడ ఎముక పైన పక్కకి ఉబ్బిన భాగం) నుంచి తీసిన ఎముక కూరాల, ఖాళీ వదిలేస్తే మళ్ళీ దిగిపోతాది.

తర్వాత లాగ్ స్క్రూ. ముక్కలో 3.5 ఎంఎం రంధ్రం, అవతల ఎముకలో 2.5, మర పట్టేది అవతలే, ఇవతల తల నొక్కుతాది, అట్లా రెండూ దగ్గరికి వస్తాయి. రెండు పక్కలా 2.5 వేసేస్తే మర రెండిట్లోనూ పట్టి ఆ సందు అట్లే ఉండిపోతాది. ఇదొక్కటే చాలు అనుకుంటారు, చాలదు, లాగ్ స్క్రూ దగ్గరికి లాగుతాది గానీ బంతి వెనక నుంచి తోస్తే ఆపలేదు. దాని మీద ఇస్కియం (కింద, కూర్చుంటే ఆనే ఎముక) నుంచి ఇలియం (పైన నడుం పక్క ఎముక) దాకా రికాన్ ప్లేటు, గోడ అంచుకి దగ్గరగా, అట్లని లాబ్రం (గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి పట్టీ) మీదికి ఎక్కకుండా.

వంచేది ఎట్లా అనేదే అసలు పని. వెనక గోడ బయటికి ఉబ్బి ఉంటాది కదా, ప్లేటుని దానికంటే కొంచెం తక్కువ వంచాల. ప్లేటు నడిమి భాగం గోడ ముక్కకి ఆనుకోవాల, రెండు కొసలూ ఎముక నుంచి ఒకటి రెండు మిల్లీమీటర్లు లేచి ఉండాల. నేను హాస్టల్ రూములో ప్లాస్టిక్ ఎముక మీద ప్రాక్టీస్ చేసేటప్పుడు విజిటింగ్ కార్డు ఒకటి నాలుగు మడతలు చేసి కొస కింద దూర్చేవాణ్ణి. దూరిందా, సరిపోయింది. ఇప్పుడు కొస స్క్రూ తిప్పండి, కార్డు మెల్లగా బిగుసుకుంటాది, అదే సమయానికి నడిమి భాగం గోడని నొక్కేది వేలితో పట్టుకుంటే తెలుస్తాది. ఎక్కువ వంచితే దీనికి తిరగబడతాది, కొసలు ముందు తగుల్తాయి, మధ్యలో వెలుతురు కనిపిస్తాది, గోడకి దన్నే లేదు. మొదటి ఏడాదిలో నేను అట్లానే చేసినా, ఆపరేషన్ అప్పుడు చూసే ఎక్స్‌రే మిషను సీ ఆర్మ్‌లో అంతా బాగున్నట్టే కనిపించింది, రెండు వారాల తర్వాత ఎక్స్‌రేలో గోడ ముక్క పక్కకి జరిగి ఉండాది. మళ్ళీ ఓపెన్ చేయాల్సి వచ్చింది. ఆ పేషెంటు అమ్మ నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

ఇంకో మాట, వంచితే హోలుకీ హోలుకీ నడుమ వంచండి, హోలు మీద కాదు. ముందుకీ వెనక్కీ పదిసార్లు వంచి సరిచేస్తే ఆ చోట లోహం అలిసిపోతాది, టైటానియం అయితే గీత పడినా ఓర్చుకోదు. స్టీలా టైటానియమా అని పెద్ద గొడవ అవసరం లేదు. స్టీలు గట్టిదనం 200 గిగాపాస్కల్ దగ్గర, టైటానియం 110 దగ్గర, ఎముక పైపొర 20 లోపల, రెండూ ఎముకకంటే ఎన్నో రెట్లు గట్టివే. స్కాన్‌లో నీడలు తక్కువ కావాలంటే టైటానియం.

గోడ చిన్న చిన్న ముక్కలు అయిపోయి స్క్రూ పట్టకపోతే స్ప్రింగ్ ప్లేటు. వన్ థర్డ్ ట్యూబులర్ అనే పల్చటి ప్లేటు చివరి హోలుని కత్తిరించి, మిగిలిన రెండు మొనలనీ కొక్కెం మాదిరి వంచి, ముక్కల అంచుకి తగిలించి దాని పైన రికాన్ ప్లేటు వేస్తారు. మొన కీలు లోపలికి పోకుండా చూసుకోండి.

స్క్రూ కీలులోకి పోయిందా లేదా అనేది అందరికీ భయమే. దీనికి ఒక బత్తాయి, ఒక అల్లిక సూది, ఫోన్ టార్చి చాలు. రూములో లైటు ఆర్పి బత్తాయి తొక్క పక్కగా, లోపలికి పోకుండా సూది ఆనించి పట్టుకుని నీడ గోడ మీద చూడండి. చానా కోణాల్లో సూది కాయ లోపల ఉన్నట్టే కనిపిస్తాది. తిప్పుతా పోండి, ఒక కోణంలో నీడ కాయ నీడకి బయటికి వస్తాది. బంతి గుండ్రం కాబట్టి ఏ ఒక్క వ్యూలో స్క్రూ గిన్నె గుండ్రానికి బయట కనిపించినా అది నిజంగా బయటే ఉన్నట్టు. ఎన్ని తిప్పినా బయటికి రాకపోతే తీసి మళ్ళీ వేయండి. సీ ఆర్మ్ టెక్నీషియన్ విసుక్కుంటాడు, విసుక్కోనీ. ఆ తర్వాత తుంటిని ఆడించి గరగర ఏమన్నా తగుల్తాందా చూడండి.

ట్రాన్స్‌వర్స్ ఫ్రాక్చర్‌లో మాత్రం పైన చెప్పింది తిరగేయాల. ఇది రెండు కాలమ్‌లనీ అడ్డంగా కోస్తాది, వెనక ప్లేటు ఎముకకి సరిగ్గా ఒదిగేటట్టు వంచి బిగిస్తే వెనక మూసుకుని ముందు నోరు తెరుచుకుంటాది. అందుకే ఈడ కొంచెం ఎక్కువ వంచాల, కొసలు బిగించినప్పుడు ముందు పక్క కూడా మూసుకుంటాది, కుదిరితే ముందు కాలమ్‌లోకి ఒక పొడుగు లాగ్ స్క్రూ. గోడకి తక్కువ వంపు, అడ్డ కోతకి ఎక్కువ వంపు అని గుర్తు పెట్టుకుంటే చాలు.

ముసలోళ్ళు బాత్‌రూములో పక్కకి పడితే దెబ్బ వేరు, బంతి లోపలికి పోయి క్వాడ్రిలేటరల్ ప్లేట్ అనే పల్చటి గోడని పొత్తికడుపు వైపు తోస్తాది. దన్ను లోపలి నుంచి బయటికి ఉండాల, స్టోపా దారిలో, అంటే పొత్తికడుపు ముందు నుంచి, పోయి పెల్విక్ అంచు కింద ప్లేటు ఆనిస్తారు. దోవలో కొరోనా మోర్టిస్ రక్తనాళం ఉంటాది, ముందే వెతికి కట్టేయండి. ఎముక గుల్లగా ఉంటాది కాబట్టి స్క్రూ పొడుగు, మర పట్టే జాగా ఎంత ఎక్కువైతే అంత మేలు.

డిశ్చార్జి రోజు చెప్పేది కూడా ఇదే లెక్క. కాలు పూర్తిగా గాల్లో ఎత్తి పట్టుకోమంటే దాన్ని మోసేదానికి కండరాలు లాగి కీలు మీద వత్తిడి పెరుగుతాది, వేళ్ళు నేలకి ఆనించి నడవమనండి. పోస్టీరియర్ వాల్ అయితే సుమారు మూడు నెలలు కింద కూర్చోవద్దు, ఇండియన్ టాయిలెట్ వద్దు, నులక మంచం వద్దు. కర్ర ఇచ్చే దశకి వస్తే దెబ్బ తగలని పక్క చేతిలో ఇవ్వండి, అప్పుడే అబ్డక్టర్ల లాగుడు తగ్గుతాది, దెబ్బ పక్కనే పట్టుకుంటే ఆ లాభం రాదు. మన తిరుపతిలో ప్రతి పేషెంటూ అడిగే ఇంకో ప్రశ్న, సార్ మొక్కు ఉంది, అలిపిరి మెట్లు ఎప్పుడు ఎక్కొచ్చు అని. మెట్లు 3,550. ఎముక అతికిందని ఎక్స్‌రేలో చూసి, కర్ర లేకుండా కుంటకుండా నడిచి చూపించినాక మాట్లాడుకుందాం, అంతవరకు బస్సులో పోయి రమ్మని చెప్తా.