గ్రాఫిక్స్ ప్రోగ్రామ్ కూలి లైనక్స్ కన్సోల్ నల్లబడిపోతే
వెంటనే రీబూట్ చేసేయకండి. చాలాసార్లు సిస్టమ్ బతికే ఉంటుంది. కన్సోల్ గ్రాఫిక్స్ మోడ్‌లో, కీబోర్డు రా మోడ్‌లో (కీలను అక్షరాలుగా మార్చని స్థితిలో) ఇరుక్కుపోయి ఉంటాయి, అంతే.

ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ పట్టుకుని ఆర్ నొక్కండి. కీబోర్డు దారికొస్తుంది (సిస్‌రిక్యూ అనే కెర్నల్ అత్యవసర కీల సదుపాయం ముందే ఆన్ చేసి ఉంటేనే). తర్వాత కంట్రోల్-ఆల్ట్-ఎఫ్2తో రెండో కన్సోల్‌లో లాగిన్ అవ్వండి. కుదరకపోతే ఇంకో కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్‌తో. ముందు ఆ ప్రోగ్రామ్‌ని కిల్ చేయాలి. అది వేలాడుతుంటే కన్సోల్ మార్పిడికి ఒప్పుకోదు, కన్సోల్ మార్చే కమాండ్ సీహెచ్‌వీటీ (chvt) కూడా అక్కడే ఆగిపోతుంది. కిల్ చేశాక సీహెచ్‌వీటీ 2, ఆపై సీహెచ్‌వీటీ 1. ఇంకా నలుపేనా? ఒకటో కన్సోల్‌కి కేడీసెట్‌మోడ్ (KDSETMODE) ఐఓసీటీఎల్‌తో, అంటే కెర్నల్‌కి నేరుగా ఇచ్చే ఆదేశంతో, 0 (టెక్స్ట్ మోడ్) పంపండి, పైథాన్‌లో ఒక్క లైను పని.

తెర వచ్చినా టైప్ చేసింది కనబడకపోతే, చూడకుండానే కంట్రోల్-జె, రీసెట్ (reset) కమాండ్, మళ్లీ కంట్రోల్-జె కొట్టండి. ఎంటర్‌ని అప్పుడు నమ్మలేం: ఆ కీ పంపే క్యారేజ్ రిటర్న్‌ని కొత్త లైనుగా మార్చే సెట్టింగే పోయి ఉండొచ్చు.