ఎన్‌క్లెక్స్-పీఎన్‌కి చదువుతున్నారా? గంటలు కాదు, ప్రశ్నలు లెక్కపెట్టండి

అమెరికాలో ఎల్పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్-పీఎన్ పరీక్షకి చదువుతున్న మన అక్కాచెల్లెళ్ల కోసం ఒక్క మాట. నర్సింగ్ హోమ్‌లో నైట్ డ్యూటీ చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ “రోజుకి నాలుగు గంటలు” అని టైమ్‌టేబుల్ రాసుకున్నాను. మూడో రోజుకే తప్పింది, టెన్షన్ పట్టుకుంది. అప్పుడు లెక్క మార్చాను: డ్యూటీ ఉన్న రోజు 25 ప్రశ్నలు, సెలవు రోజు 75. అంతే.

ప్రశ్న చేయడం కన్నా వివరణ చదవడానికే ఎక్కువ సమయం పెట్టండి, సరిగ్గా పెట్టినవాటికి కూడా. తప్పు పోయినదాన్ని చిన్న నోట్‌బుక్‌లో ఒక్క లైన్‌లో రాయండి. నా నోట్‌బుక్‌లో మొదటి లైన్: “డిగాక్సిన్ (గుండె మందు) ఇచ్చే ముందు నిమిషం పాటు ఏపికల్ పల్స్ (ఛాతీ మీద స్టెతస్కోప్‌తో వినే గుండె చప్పుడు) చూడాలి, పెద్దవాళ్లకి 60 కన్నా తక్కువైతే మందు ఆపి డాక్టర్‌కి చెప్పాలి.” బ్రేక్‌లో టీ తాగుతూ ఆ పేజీలే తిరగేసేదాన్ని.

పరీక్షలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, సమయం 5 గంటలు. అందుకే చివరి రెండు వారాల్లో వారానికోసారి 85 ప్రశ్నలు లేవకుండా చేయండి. అంతసేపు కూర్చోవడం కూడా అలవాటు కావాలి కదా. కేస్ స్టడీలు (ఒకే రోగి వివరాల మీద వచ్చే ప్రశ్నలు) వదిలేయకండి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలుంటాయి. ఏటీటీ (పరీక్ష రాయడానికి ఇచ్చే అనుమతి) రాగానే ముందు తేదీ బుక్ చేసి, అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకోండి. నైట్ డ్యూటీ దిగిన మర్నాడు మాత్రం పరీక్ష పెట్టుకోకండి.