బెజవాడ వాళ్ళు ఆండ్రోమెడా గెలాక్సీ చూడాలంటే

సిటీ లైట్లలో కుదరదు, బైక్ తీసుకుని కొండవీడు వైపు వెళ్ళండి. దీపావళి అమావాస్యకి వద్దు, పొగ ఉంటది, కార్తీక అమావాస్య బెస్ట్. రాత్రి ఎనిమిదింటికల్లా ఉత్తరం వైపు తిరగండి, ఇంగ్లీష్ ఎం అక్షరంలా ఐదు నక్షత్రాలు కనిపిస్తాయి, అదే కాసియోపియా నక్షత్ర మండలం. ఆ ఎం ఎడమ శిఖరం సూదిగా ఉంటది, అక్కడి నుంచి చెయ్యి చాచి పిడికిలిన్నర పైకి కొలిస్తే మసకగా చిన్న తెల్ల మరక. అదే ఆండ్రోమెడా! 25 లక్షల ఏళ్ళ క్రితం బయల్దేరిన వెలుగండీ అది, మన మనిషి జాతి పుట్టకముందుది. అది మన పాలపుంతలోది కాదు, వేరే గెలాక్సీ అని 1920లలో ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ తేల్చాడు, తర్వాత 1929లో ఎంత దూరంలో ఉన్న గెలాక్సీ అంత వేగంగా మన నుంచి దూరం పోతోందని చూపించాడు, విశ్వం ఒకప్పుడు బాగా దట్టంగా, వేడిగా ఉండి అప్పటి నుంచి విస్తరిస్తోందనే బిగ్ బ్యాంగ్ ఆలోచనకి బలం అక్కడే దొరికింది. కనపడకపోతే ఇరవై నిమిషాలు ఫోన్ ముట్టుకోకండి, కళ్ళు చీకటికి అలవాటు పడాలి. సూటిగా కాకుండా కొంచెం పక్కకి చూడండి, 10×50 బైనాక్యులర్స్ (పది రెట్లు పెద్దగా చూపించేవి, ముందు కటకం 50 మి.మీ.) ఉంటే ఇంకా ఈజీ.