వాలంటీరుగా టాంజానియా వెళ్తున్నారా? మొదటి నెల ఇలా గడపండి

వాలంటీరుగా విదేశం వెళ్లేవాళ్లు నాకు ఫోన్ చేసి మొదట అడిగేది "ఏమేం సర్దుకోవాలి?" అని. రెండో ప్రశ్న కూడా సామాను గురించే. అక్కడ దిగాక మనుషుల మధ్య ఎలా మసలుకోవాలో మాత్రం ఒక్కరూ అడగరు. కొంప మునిగేది అక్కడే. నేను టాంజానియాలో ఒక పల్లె సెకండరీ స్కూల్లో లెక్కలు చెప్పాను. ఆ తర్వాత వెళ్లేవాళ్లకు నాకు తెలిసింది చెబుతూనే ఉన్నాను. చెప్పిన తప్పే మళ్లీ చేసి వస్తున్నారు కాబట్టి ఈసారి రాసే పెడుతున్నాను.

కాగితాలు, టీకాలు

ఏం పని, ఎన్ని నెలలు, బస ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరిది అన్నది పిలిచిన సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. టూరిస్ట్ వీసా మీద వెళ్లి వాలంటీరు పని చేయకూడదు. "జీతం తీసుకోవట్లేదు కదా" అంటే ఇమిగ్రేషన్ వాళ్లు వినరు. వాలంటీర్లకు ఇచ్చేది క్లాస్-సి రెసిడెన్స్ పర్మిట్. "వచ్చాక చూసుకుందాం లెండి" అనే సంస్థకు దూరం నుంచే దండం పెట్టండి.

ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోండి. ఆ కార్డు పాస్‌పోర్టులోనే ఉండాలి. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ని ముందే అడగండి.

సామాను

పలకల పిన్నులు మూడుండే ప్లగ్ ఒకటి, టార్చి, దోమతెర. ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2019 జూన్ నుంచి అక్కడ నిషేధం, కాబట్టి కవర్‌లో కవర్ చుట్టే మన అలవాటు మానుకుని గుడ్డ సంచులు పట్టుకెళ్లండి. ఆవకాయ ఒక్క సీసా. రెండో సీసా వద్దు. రెండు సీసాలున్నవాడు రోజూ గదిలో కూర్చుని ఒక్కడే తింటాడు, నేను చూశాను. కుక్కర్ అసలే వద్దు. వాళ్ల ఉగాలి మొక్కజొన్న పిండితో చేసిన సంకటే. మ్చిచా అంటే తోటకూర. రాయలసీమ వాళ్లకైతే మొదటి పూటే ఇంట్లో ఉన్నట్టుంటుంది.

అసలు మెలిక: పలకరింపు

ఇక్కడ నిదానంగా చదవండి.

మొదటి రోజు నేను స్టాఫ్‌రూమ్ తలుపు తోసుకుని వెళ్లి, "ఫామ్ వన్ టైమ్‌టేబుల్ ఎక్కడుంది సార్?" అన్నాను. ఫామ్ వన్ అంటే సెకండరీలో మొదటి తరగతి. ఒక పెద్ద మాస్టారు పెన్ను కింద పెట్టారు. కళ్లజోడు తీశారు. నా వైపు చూసి, అక్కడి భాష స్వాహిలిలో "హబారి జా అసుబుహి?" అన్నారు. ఉదయం కబుర్లేమిటి అని. బాగుంది అనేసి మళ్లీ టైమ్‌టేబుల్ ఎత్తాను. "హబారి జా న్యుంబాని?" అన్నారు. ఇంటి కబుర్లు. తర్వాత ప్రయాణం కబుర్లు. నేను గడియారం చూసుకున్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మళ్లీ రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ రోజు నాకు టైమ్‌టేబుల్ దొరకలేదు.

హబారి అన్నా మన కబురు అన్నా ఒకే అరబ్బీ మాట నుంచి వచ్చినవే. అంటే ముందు కబురు, తర్వాత పని. మూడు ప్రశ్నలకు "న్జూరి", అంటే బాగుంది అని జవాబు చెప్పి, తిరిగి మూడూ అడిగాకే విషయంలోకి వెళ్లాలి. రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు మిగుల్చుకుందామనుకుంటే రెండు వారాలు పోతాయి.

వయసులో పెద్దవాళ్లు కనిపిస్తే "షికమో" అనాలి. మీ పాదాలు పట్టుకుంటున్నాను అని దాని అర్థమంటారు. వాళ్లు "మరహబా" అంటారు. ఇక్కడ చూడాల్సింది వయసు, హోదా కాదు. హెడ్మాస్టరుకు షికమో చెప్పి, గేటు దగ్గర నెరిసిన జుట్టుతో కూర్చున్న వాచ్‌మన్‌ని దాటి వెళ్లిపోయే వాలంటీర్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఊరంతా చూస్తూనే ఉంటుంది. పిల్లలు మీకు షికమో చెబితే "మరహబా" అనే అనండి, "థ్యాంక్యూ" కాదు. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం బయటే నిలబడి "హోడి" అని కేకేయండి. లోపలి నుంచి "కరీబు", అంటే రండి అని వినబడేదాకా అడుగు వేయొద్దు.

ఫోన్ యాప్‌లో స్వాహిలి నేర్చుకుని వచ్చామంటారు కొందరు. యాప్ మాటలు నేర్పుతుంది గానీ ఎక్కడ ఆగాలో నేర్పదు. సంతలో టమాటాలమ్మే ఆవిడ దగ్గర రోజూ పావుగంట నిలబడండి, అంతకన్నా మంచి ట్యూషన్ లేదు. పైసలను పేసా అనీ, లక్షను లాకి అనీ ఆవిడ అంటుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది. మిమ్మల్ని "మ్హిందీ" అని పిలుస్తారు, భారతీయుడని. కొట్టు ఎక్కడ పెట్టారని కూడా అడుగుతారు. నొచ్చుకోకండి, తరతరాలుగా అక్కడ కొట్లు నడిపింది మనవాళ్లే.

మూడు వారాలు ఏమీ మొదలుపెట్టొద్దు

రెండో రోజే ల్యాప్‌టాప్ తెరిచి "మీ సమస్యలేంటో చెప్పండి" అనేవాళ్లుంటారు. ఊరివాళ్లు మర్యాదకు ఏదో ఒకటి చెబుతారు, వీళ్లు దాన్నే పట్టుకుంటారు. మీరు మాత్రం వెనక బెంచీలో కూర్చుని వినండి. అక్కడ ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లు స్వాహిలి మీడియం, సెకండరీ ఇంగ్లీషు మీడియం. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు ఇంటర్‌లో పడ్డవాళ్లకు ఆ ఫామ్ వన్ పిల్లల మొహాలు చూడగానే విషయం అర్థమవుతుంది. పిల్లలకు రానిది లెక్క కాదు, ప్రశ్న. నా క్లాసు కుదుటపడింది నేను అంకెలు స్వాహిలిలో చెప్పడం మొదలుపెట్టాకే.

టైము

నన్ను ముంచింది ఇదే. పేరెంట్స్ మీటింగ్ "సా న్నే"కి అన్నారు. సా అంటే గంట, న్నే అంటే నాలుగు. సాయంత్రం నాలుగింటికి ఇస్త్రీ చొక్కాతో వెళ్తే బెంచీలు ఖాళీగా ఉన్నాయి, ఒకాయన ఊడుస్తున్నాడు. మీటింగ్ పొద్దున పదింటికే అయిపోయింది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా ఇంచుమించు ఆరింటి ప్రాంతంలోనే తెల్లవారుతుంది, గంటలు అప్పటి నుంచి లెక్కపెడతారు. మన పెద్దవాళ్లు పొద్దెక్కి ఎన్ని గడియలైందో చెప్పినట్టే. ఏడు గంటలు వాళ్లకు ఒకటి, పది గంటలు నాలుగు. గడియారంలో చిన్న ముల్లుకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంకె చదవండి, అదే వాళ్ల టైము.

ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు మాత్రం చాలామంది మామూలు టైమే చెబుతారు, చిక్కంతా అందుకే. ఎవరైనా టైము చెప్పగానే "అసుబుహి?", పొద్దునా అని అడిగి, నోట్‌బుక్‌లో రెండు అంకెలూ పక్కపక్కన రాసి వాళ్లకే చూపించండి.